పారిస్‌లోని రోడిన్ మ్యూజియంను వరుసలో, తీరిగ్గా చూడడం ఎలా?

పారిస్ వెళ్ళివచ్చిన మనవాళ్ళలో చాలామంది రోడిన్ మ్యూజియం చూశామనే చెబుతారు. ఏం చూశారని అడిగితే మాత్రం, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ‘ఆలోచనాపరుడు’ విగ్రహం ముందు తామూ అదే భంగిమలో దిగిన ఫోటో ఒకటి తీసి చూపిస్తారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ తోటలోనే మధ్యాహ్నమంతా గడిపి, ఆఖరి గంటలో భవనంలోకి పరుగెత్తి, ఏ గదిలో ఏముందో తెలియకుండానే బయటికి వచ్చాను. రెండవసారి వరుస మార్చాను. ముందు భవనం, తరువాత తోట, మరునాడు ఊరి చివర మ్యుదోఁలోని శిల్పి ఇల్లు చూశాను. అప్పుడుగాని ఈ మ్యూజియంలో అసలు చూడవలసింది ఒక విగ్రహం ముద్ద మట్టి దగ్గర మొదలై కంచుగానో పాలరాయిగానో మారే తీరు అని నాకు అర్థం కాలేదు. కింద చెప్పిన వరుస ఆ రెండవ ప్రయాణంలో నుంచి వచ్చినదే. పారిస్‌లో ఒక పూట, వీలైతే మ్యుదోఁలో మరో పూట కేటాయించుకోగలిగినవారికి ఇది ఉపయోగపడుతుంది.

బయలుదేరే ముందు

సోమవారం వెళ్ళకండి, ఆ రోజు మ్యూజియంకు సెలవు. మిగతా రోజుల్లో ఉదయం పది గంటలకు తెరుస్తారు. తెరిచే వేళకే గేటు దగ్గర ఉంటే మొదటి గంటన్నర గదులు పలచగా ఉంటాయి. శిల్పం చూడడానికి దాని చుట్టూ తిరగాలి కాబట్టి, చిత్రాల మ్యూజియం కన్నా ఇక్కడ జనం తక్కువగా ఉండడం చాలా ముఖ్యం. టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. వేళలు, ధరలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి, బయలుదేరే ముందు రోజు మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఎక్కువ చదువుకుని వెళ్ళనక్కరలేదు గానీ, శిల్పి గురించి నాలుగు ముక్కలు మనసులో ఉంటే గదుల వరుస సులువుగా అందుతుంది. అగస్ట్ రోడిన్ 1840 నవంబరు 12న పారిస్‌లో ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. తండ్రి పోలీసు శాఖలో గుమాస్తా. పారిస్‌లోని పెద్ద లలితకళల కళాశాల ప్రవేశ పరీక్షలో మూడుసార్లు తప్పాడు. ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్ళు ఇతర శిల్పుల దగ్గర, భవనాలకు అలంకారాలు చేసే పనుల్లో కూలికి పనిచేశాడు. నలభై ఏళ్ళు నిండే వేళకు గాని పేరు రాలేదు. 1917 నవంబరు 17న మ్యుదోఁలో చనిపోయాడు. ఈ నాలుగు ముక్కల్లో కూలిపని చేసిన ఇరవై ఏళ్ళను మరిచిపోకండి. మట్టి మీద అతనికి ఉన్న పట్టు అక్కడే వచ్చింది.

పేరు విషయంలో ఒక చిన్న మాట. మనం ‘రోడిన్’ అని చదువుకున్నా, అక్కడివారు పలికేది ‘రొదాఁ’ అని. దారి అడిగేటప్పుడు ఆ పలుకుబడి అక్కరకు వస్తుంది. అలాగే మ్యూజియం ఉన్న భవనాన్ని ‘ఒతెల్ బిరోఁ’ అంటారు. అది బస చేసే హోటల్ కాదు. పాతకాలపు ఫ్రెంచిలో ‘ఒతెల్’ అంటే నగరంలో ధనవంతుల మేడ.

మెట్రో 13వ లైనులో ‘వరెన్’ స్టేషన్‌లో దిగండి. దిగగానే మెట్లవైపు నడవకుండా ప్లాట్‌ఫారం మీద ఒక్క నిమిషం ఆగండి. ‘ఆలోచనాపరుడు’, ‘బాల్జాక్’ విగ్రహాల నకళ్ళు అక్కడే నిలబెట్టి ఉంటాయి. ఫోటో మోజు ఉంటే అక్కడే తీర్చుకోండి. ఆ తరువాత మ్యూజియంలో చేతులు ఖాళీగా, కళ్ళు పనిలో ఉంటాయి.

లోపలికి వెళ్ళగానే ఆగకండి

టికెట్ చూపించి ఆవరణలోకి అడుగుపెడితే కుడివైపున చెట్ల మధ్య ‘ఆలోచనాపరుడు’ కనిపిస్తాడు. జనం అటు మళ్ళుతారు. మీరు మాత్రం నేరుగా భవనంలోకి వెళ్ళండి. అతను ఎక్కడికీ పోడు. 1922 నుంచి ఆ తోటలోనే కూర్చుని ఉన్నాడు.

భవనం కథ కొంత తెలుసుకుంటే గదులు వేరుగా కనిపిస్తాయి. పద్దెనిమిదవ శతాబ్దం తొలి భాగంలో ఒక ధనవంతుడు కట్టించుకున్న మేడ ఇది. తరువాత బిరోఁ అనే సేనాపతి చేతికి వచ్చి ఆ పేరు నిలిచిపోయింది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసినులు దీన్ని ఆడపిల్లల బడిగా నడిపారు. 1905లో ఫ్రాన్స్‌లో ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుచేసే చట్టం వచ్చాక సన్యాసినులు ఖాళీ చేయగా, పాడుబడుతున్న మేడలో గదులు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టారు. చిత్రకారుడు మాతీస్, నాట్యగత్తె ఇసడోరా డంకన్, రచయిత కొక్తో అలా అద్దెకు దిగినవారే. కవి రిల్కె భార్య, శిల్పి అయిన క్లారా వెస్ట్‌హాఫ్ కూడా ఇక్కడ గది తీసుకుంది. రిల్కె ఈ మేడ సంగతి రోడిన్‌కు చెప్పడంతో 1908లో ఆయనా కింది అంతస్తులో గదులు అద్దెకు తీసుకున్నాడు. ప్రభుత్వం భవనాన్ని కొని, అద్దెదారులను పంపించివేయాలని చూసినప్పుడు రోడిన్ ఒక బేరం పెట్టాడు. నా శిల్పాలు, చిత్రాలు, సేకరణలు, వాటి మీద హక్కులు అన్నీ దేశానికి రాసిస్తాను, ఈ ఇంటిని నా పేర మ్యూజియం చేయండి, బతికినంత కాలం నన్ను ఇక్కడ ఉండనివ్వండి అన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1916లో ఫ్రెంచి పార్లమెంటు దానికి ఆమోదం తెలిపింది. మ్యూజియం తలుపులు తెరుచుకున్నది మాత్రం ఆయన పోయాక, 1919లో. అంటే మీరు నడుస్తున్న గచ్చు మీద ఆయనా నడిచాడు, తోటవైపు కిటికీలలో నుంచి వచ్చే ఆ వెలుతురులోనే తన పనిని చూసుకున్నాడు.

తొలి గదులు: ఒక ముఖం, ఒక ఒళ్ళు

కింది అంతస్తులో తొలినాళ్ళ పని కనిపిస్తుంది. అన్నిటి ముందూ ఆగకండి. రెండింటి దగ్గర నిలవండి.

మొదటిది ‘ముక్కు విరిగిన మనిషి’. 1864 ప్రాంతంలో ఆ పేటలో చిల్లర పనులు చేసుకునే ఒక ముసలివాణ్ణి కూర్చోబెట్టి రోడిన్ ఈ తలను మట్టిలో చేశాడు. అప్పట్లో అతనుండే పనిశాల గుర్రాల కొట్టం లాంటిది. చలికాలంలో వేడి చేసుకోవడానికి డబ్బు లేదు. మట్టి గడ్డకట్టి తల వెనుకభాగం విరిగి పడిపోయింది. మిగిలిన ముఖాన్నే ప్రదర్శనకు పంపితే నిర్వాహకులు తిరస్కరించారు. ఆ రోజుల్లో శిల్పమంటే నున్నని ముక్కు, దేవతల వంటి నుదురు. ఇతను పంపినదేమో నలిగిన ముక్కు, ముడతలు పడిన చర్మం. దీన్ని చూసేటప్పుడు ఎదురుగా నిలబడి ఊరుకోవద్దు. పక్కకు రండి, కిటికీ వెలుతురు ముడతల మీద అడ్డంగా పడే కోణం వెతకండి. ప్రతి ముడతా ఒక చిన్న గట్టులా లేస్తుంది.

రెండవది ‘కంచు యుగం’. బెల్జియం సైనికుడు ఒకణ్ణి ముందు నిలబెట్టుకుని ఏడాదికి పైగా శ్రమించి, నిలువెత్తు మనిషంత చేశాడు. 1877లో ప్రదర్శనకు పెట్టగానే, ఇది మట్టిలో చేసినది కాదు, బతికున్న మనిషి ఒంటి మీద అచ్చు తీసి పోత పోసినది అని విమర్శకులు నింద వేశారు. శిల్పికి అంతకన్నా అవమానం లేదు. చివరకు తోటి శిల్పులు సాక్ష్యం పలికాక, 1880లో ప్రభుత్వమే దాన్ని కొన్నది. ఈ విగ్రహం ఎడమచేతి పిడికిలిని జాగ్రత్తగా చూడండి. ఏదో పట్టుకున్నట్టు మడిచి ఉంటుంది గానీ అందులో ఏమీ లేదు. మొదట అక్కడ ఒక బల్లెం ఉండేది. ఒంటి గీతకు అది అడ్డం వస్తున్నదని రోడిన్ తీసివేశాడు. బల్లెం పోవడంతో, ఇతను ఓడిన సైనికుడా, నిద్ర లేస్తున్న మనిషా, నొప్పితో ఉన్నాడా అన్నది చూసేవారికే వదిలేసినట్టయింది. ఒక వస్తువును తీసివేసి అర్థాన్ని పెంచడం ఆయన పనితనంలో పదేపదే కనిపిస్తుంది. తల, చేతులు లేని ‘నడిచే మనిషి’ దగ్గరకు వచ్చినప్పుడు ఈ పిడికిలిని గుర్తుచేసుకోండి.

ఇక్కడ ఒక అభ్యాసం చెబుతాను. ఏ విగ్రహం ముందయినా నాలుగు దిక్కులా నాలుగు చోట్ల నిలబడి, ఒక్కో చోట అంచుగీతను మాత్రమే చూడండి; ముఖం చూడకండి. రోడిన్ మట్టి చేసేటప్పుడు మనిషిని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి కోణంలోనూ అంచుగీత సరిపోయేదాకా వదిలేవాడు కాదు. మీరు ఆ పనిని వెనక్కి చేస్తున్నారన్నమాట. రెండు విగ్రహాలకు ఇలా చేస్తే మూడవదాని దగ్గర కళ్ళు వాటంతట అవే ఆ పని మొదలుపెడతాయి.

తెల్లటి ప్లాస్టర్‌ను దాటిపోవద్దు

కంచు, పాలరాయి చూడాలన్న తొందరలో సందర్శకులు తెల్లటి ప్లాస్టర్ బొమ్మలను వదిలేసి ముందుకు పోతారు. ఈ మ్యూజియం గుట్టు అంతా అందులోనే ఉందని నా అభిప్రాయం, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

తెనాలిలోనో, కోనసీమ కొత్తపేటలోనో నాయకుల విగ్రహాలు తయారుచేసే శాలను ఎప్పుడైనా చూసి ఉంటే మీకు సగం విషయం తెలిసినట్టే. ముందు ఇనుప ఊచల మీద బంకమట్టితో బొమ్మ చేస్తారు, దానిమీద ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు, ఆ అచ్చులో నుంచి అసలు విగ్రహం వస్తుంది. రోడిన్ శాలలోనూ అంతే. ఆయన స్వయంగా వేళ్ళు పెట్టినది మట్టిలోనే. మట్టి ఆరితే పగులుతుంది కాబట్టి తడిగుడ్డలు కప్పి ఉంచేవారు. బొమ్మ పూర్తి కాగానే అచ్చు తీసే పనివాడు వచ్చి ముక్కలు ముక్కలుగా ప్లాస్టర్ అచ్చు తీసేవాడు. ఆ అచ్చు ముక్కలు కలిసిన చోట ప్లాస్టర్ బొమ్మ మీద సన్నని గట్టు గీతలు మిగులుతాయి. మామూలు శిల్పులు వాటిని గీకి నున్నగా చేస్తారు. రోడిన్ చాలాసార్లు వాటిని ఉండనిచ్చాడు. మీరు భుజం వెంట, తొడ పక్కన ఆ గీతలను వెతకండి. కొన్నిచోట్ల వేలిముద్రలు, మట్టి ఉండలను అద్దిన గుర్తులు కూడా కనిపిస్తాయి. (ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ఆ పేరు వచ్చినది పారిస్‌లోని మోంమార్త్ర గుట్టలో దొరికే జిప్సం రాయి వల్లనే. ఇది ఇక్కడి ఊరి సరుకు.)

ఒక అచ్చులో నుంచి ప్లాస్టర్ ప్రతులు ఎన్నయినా తీయవచ్చు. రోడిన్ ఈ సౌకర్యాన్ని ఎవరూ వాడనంతగా వాడుకున్నాడు. చేతులు, కాళ్ళు, తలలు విడివిడిగా పోత పోయించి సొరుగుల్లో పెట్టుకుని, అవసరమైనప్పుడు ఒకదాని చెయ్యి మరొకదానికి అతికేవాడు. ఒకే బొమ్మను రెండుమూడుసార్లు పక్కపక్కన నిలబెట్టి కొత్త బృందం చేసేవాడు. తోటలో ‘నరకద్వారం’ అనే పెద్ద ద్వారశిల్పం పైన తలలు వంచుకుని నిలుచున్న ముగ్గురు మనుషులు ఉన్నారు. చూసేవారు ముగ్గురూ వేరువేరు అనుకుంటారు. అది ఒకే బొమ్మ; మూడు కోణాల్లో తిప్పి నిలబెట్టాడు.

ప్లాస్టర్ తరువాత దారి రెండుగా చీలుతుంది. కంచు కావాలంటే పోత పోసేవారి దగ్గరకు పంపాలి. పెద్ద విగ్రహాలకు ఇసుక అచ్చు, సున్నితమైన వాటికి మైనం కరిగించే పద్ధతి వాడేవారు. రెండవది మనకు కొత్త కాదు; మన స్థపతులు మధూచ్ఛిష్ట విధానం అని పిలిచేది, చోళుల కంచు విగ్రహాలు వచ్చినది ఆ పద్ధతిలోనే. కంచు విగ్రహం పీఠం అంచున ‘అలెక్సిస్ రుదియె’ అని ఫ్రెంచి అక్షరాల్లో చెక్కి ఉంటే, అది రోడిన్ ఎక్కువగా నమ్ముకున్న పోతశాల ముద్ర అని గుర్తించండి. పాలరాయి కావాలంటే ప్లాస్టర్ మీద కొలత చుక్కలు పెట్టి, ఆ కొలతల ప్రకారం రాతిలోకి తవ్వే చెక్కుడు పనివారికి అప్పగించేవాడు. తరువాత తమంతట తాము పేరు తెచ్చుకున్న బూర్దెల్, పోంపోఁ వంటివారు ఆయన దగ్గర అలా రాయి చెక్కినవారే. అంటే రోడిన్ పాలరాతి విగ్రహాల్లో ఉలి పట్టినది ఎక్కువగా ఇతరులు. ఇది విని కొందరు మోసపోయినట్టు భావిస్తారు. ఆ కాలపు పెద్ద శాలలన్నింటిలోనూ పని అలాగే నడిచేది. మట్టి ఆయనది, చూపు ఆయనది, ఎక్కడ ఆపాలో చెప్పేదీ ఆయనే.

పాలరాయి దగ్గర

‘ముద్దు’ విగ్రహం చుట్టూ ఎప్పుడూ జనం ఉంటారు. ఎదురుగా ఖాళీ కోసం వేచి ఉండకుండా వెనక్కి వెళ్ళండి. ఇటలీ కవి దాంతే కావ్యంలో పావోలో, ఫ్రాంచెస్కా అనే ఇద్దరు కలిసి ఒక ప్రేమకథ చదువుతూ మొదటి ముద్దు పెట్టుకుని, ఆమె భర్త చేతిలో హతులై నరకం పాలవుతారు. ఆ పుస్తకం వాళ్ళ వెనుక పావోలో చేతిలో జారిపోతూ ఉంటుంది, ఎదురునుంచి చూస్తే తెలియదు. ‘నరకద్వారం’ కోసమని మొదలుపెట్టిన జంట ఇది. అందులోని బాధల మధ్య వీళ్ళ సుఖం ఇమడలేదని రోడిన్ విడిగా తీసి నిలబెట్టాడు. పాలరాతి ప్రతికి ప్రభుత్వం 1888లో పని అప్పగిస్తే, అది జనం ముందుకు వచ్చేసరికి 1898 అయింది. ఒంటి నునుపునూ, కింద ఉలిగాట్లు అలాగే వదిలేసిన రాయినీ పక్కపక్కన చూడండి. ఆ గరుకుదనం పని పూర్తికాక మిగిలినది కాదు. నునుపు మరింత నునుపుగా కనిపించడానికి ఉంచినది.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది ‘కేథడ్రల్’ అనే చిన్న శిల్పం. 1908లో రాతిలో చేసినది. రెండు చేతులు పైకి లేచి, వేళ్ళ కొసలు తాకీ తాకనట్టు ఒకదానివైపు ఒకటి వంగి, మధ్యలో కొంత ఖాళీ జాగా వదిలి ఉంటాయి. ఫోటోలో చూసినప్పుడు ఎవరో నమస్కారం పెట్టబోతున్నారని అనుకుంటాం. ఇప్పుడు మీ రెండు చేతులనూ అలా ఎత్తి పట్టుకుని ఆ భంగిమ తెచ్చుకోవడానికి ప్రయత్నించండి. రాదు. బొటనవేళ్ళు ఎటు ఉన్నాయో చూసుకుంటే కారణం తెలుస్తుంది: అవి రెండూ కుడిచేతులే. ఇద్దరు మనుషులు కావాలి. నేను పక్కన నిలబడ్డ బంధువు చెయ్యి అరువు తెచ్చుకుని సరిచూసుకున్నాను. గది కాపలాదారు నవ్వుకున్నాడు. ఆయన రోజూ చూసే దృశ్యమే అయి ఉండాలి.

కమీల్ క్లోదెల్ పనికి వేరే సమయం ఉంచండి

ఈ మ్యూజియంలో కమీల్ క్లోదెల్ చేసిన శిల్పాలు కూడా ఉన్నాయి. 1864లో పుట్టిన ఈమె ఇరవై ఏళ్ళ ప్రాయంలో రోడిన్ శాలలో చేరి, ఆయనకు సహాయకురాలిగా, నమూనాగా, ప్రేయసిగా దాదాపు పదేళ్ళు గడిపింది. విడిపోయాక ఒంటరిగా పనిచేసింది. 1913లో ఇంటివాళ్ళు ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్పించారు. 1943లో చనిపోయేదాకా ముప్ఫై ఏళ్ళు అటువంటి చోటనే ఉండిపోయింది. ఈ కథ విన్నవారు ఆమె శిల్పాల్లో కన్నీళ్ళే వెతుకుతారు. దయచేసి ముందు చేతిపని చూడండి. ‘కబుర్లాడేవాళ్ళు’ అన్న బొమ్మలో నలుగురు ఆడవాళ్ళు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుతుంటారు. పల్లెలో అరుగుమీద కూర్చున్న అమ్మలక్కలే అనిపిస్తుంది. జేబులో పట్టేంత కాకపోయినా చేతుల్లో ఎత్తుకోగలిగినంత చిన్నది. అలాంటి చిన్న కొలతలో నలుగురి వీపులూ నాలుగు రకాలుగా ఒంగి ఉండేలా చేయడం రోడిన్ దగ్గర నేర్చుకున్నది కాదు, ఆమె సొంతది. ఆ తరువాత ‘పరిణత వయసు’ దగ్గరకు వెళ్ళండి. మోకాళ్ళ మీద నిలిచి చేతులు చాచిన యువతికీ, ముసలామె తీసుకుపోతున్న మగవాడికీ మధ్య ఉన్న ఖాళీని చూడండి. ఆ రెండు చేతుల మధ్య దూరమే అక్కడి విషయం.

పై అంతస్తులో రోడిన్ కొనుక్కున్న వస్తువులు కొన్ని ఉంటాయి. వాన్ గో 1887లో వేసిన ‘తాంగీ తాత’ చిత్రం వాటిలో ఒకటి. పాత గ్రీకు, రోమన్ రాతిముక్కలు వేలకొద్దీ పోగుచేశాడాయన. వాటిని త్వరగా చూసి దాటవచ్చు. మనకు దగ్గరి సంగతి మరొకటి ఉంది. రోడిన్ మనదేశం ఎన్నడూ రాలేదు గానీ, మద్రాసు మ్యూజియంలోని నటరాజ కంచు విగ్రహాల ఫోటోలను చూసి, ఆ ఒంటి కదలికను భాగం భాగంగా మెచ్చుకుంటూ ఒక వ్యాసం రాశాడు. ఆయన పోయాక 1921లో, ఆనంద కుమారస్వామి రచన కూడా ఉన్న సంపుటంలో అది అచ్చయింది. ఆ విగ్రహాలు ఇప్పటికీ చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాయి. మన అమరావతి పలకలు కూడా ఆ ఆవరణలోనే కదా, అటు వెళ్ళినప్పుడు రెండూ కలిపి చూడవచ్చు.

ఇప్పుడు తోటలోకి

భవనంలో రెండు గంటలు గడిచి ఉంటాయి. తోటలో కాఫీ దొరికే చోటుంది, కాసేపు కూర్చోండి. మూడు హెక్టార్ల తోట ఇది. చెట్లపైన పక్కనున్న అంవలీద్ అనే పాత సైనికాశ్రమం బంగారు గోపురం కనిపిస్తుంది.

మొదట ‘నరకద్వారం’ దగ్గరకు వెళ్ళండి, ఆలోచనాపరుడి దగ్గరకు కాదు. అతను పుట్టినది ఆ ద్వారం మీదే. 1880లో, కట్టబోయే అలంకార కళల మ్యూజియం ఒకదానికి ద్వారం చేయమని ప్రభుత్వం రోడిన్‌కు పని అప్పగించింది. ఆ మ్యూజియం అక్కడ కట్టనే లేదు. ద్వారం మాత్రం ఆయన జీవితాంతం పెరుగుతూ, మారుతూ, రెండువందలకు పైగా బొమ్మలతో నిండిపోయింది. ఆయన బతికి ఉండగా కంచులో పోత పోయలేదు. ఎత్తు ఆరు మీటర్లకు పైమాట, కాబట్టి ముందు పది పదిహేను అడుగులు వెనక్కి నిలబడి మొత్తం ఆకారం చూడండి. ద్వారం పైపట్టీలో మధ్యన కూర్చున్న చిన్న మనిషిని వెతకండి. అతనే ఆలోచనాపరుడు, ఎత్తు డెబ్భై సెంటీమీటర్లు. తన కింద నరకాన్ని చూస్తూ ఆలోచిస్తున్న కవి దాంతే అన్నది మొదటి ఊహ. తరువాత దగ్గరకు వెళ్ళి ఒక్క తలుపు కింది భాగాన్ని మాత్రమే ఎంచుకుని, ఎవరి చెయ్యి ఎవరిదో పోల్చుకోండి. మొత్తం చూడాలని ప్రయత్నిస్తే ఏదీ మిగలదు. ఎండ ఏటవాలుగా పడే వేళ బొమ్మలు బాగా పైకి లేస్తాయి. నడినెత్తిన ఎండ ఉంటే ద్వారం నల్లటి ముద్దలా కనిపిస్తుంది.

ఇక ఇప్పుడు పెద్ద ఆలోచనాపరుడి దగ్గరకు వెళ్ళండి. చిన్న బొమ్మను యంత్రంతో పెంచి 1904లో ప్రదర్శించిన రూపం ఇది. తోటలోని బెంచీ మీద కూర్చుని అతనిలా కూర్చోవడానికి ప్రయత్నించండి. సాధారణంగా మనం కుడి మోచేతిని కుడి మోకాలి మీద పెడతాం. అతనిది కుడి మోచెయ్యి ఎడమ తొడ మీద ఉంది. అలా పెట్టగానే నడుము మెలితిరిగి, పొట్ట కండరాలు బిగుసుకుని, ఒక నిమిషానికే నొప్పి మొదలవుతుంది. పాదాల వేళ్ళు రాతిని పట్టుకుని ఉండడం కూడా చూడండి. ఆలోచన అన్న పనిని ఒళ్ళంతా చేస్తున్నది. మెట్రో స్టేషన్‌లో దిగిన ఫోటోలో మీ మోచెయ్యి ఎటుందో ఇప్పుడు సరిచూసుకోవచ్చు.

‘కలే పౌరులు’ ఆరుగురు. 1347లో ఆంగ్లేయుల ముట్టడిలో కలే పట్టణం లొంగిపోయినప్పుడు, ఆరుగురు పెద్దలు మెడలో ఉరితాళ్ళతో, చెప్పులు లేకుండా, కోట తాళంచెవులు పట్టుకుని వస్తే మిగతావారిని వదులుతానని మూడవ ఎడ్వర్డ్ రాజు షరతు పెట్టాడు. (రాణి వేడుకోవడంతో చివరకు వారినీ వదిలేశాడు.) ఊరివాళ్ళు వీరుల విగ్రహం అడిగితే రోడిన్ భయం, సందేహం, మొండితనం ఒక్కొక్కరికి ఒక్కో పాలు పంచి ఇచ్చాడు. ఎత్తయిన పీఠం వద్దని, జనంలో కలిసిపోయేలా నేలమీదే నిలబెట్టాలని ఆయన కోరిక. చుట్టూ తిరగండి, ఏ కోణంలో నిలబడినా ఆరు ముఖాలూ ఒక్కసారిగా కనిపించవు. చెన్నై మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌదురి చేసిన ‘శ్రమ విజయం’ చూసినవారికి, రాయి తోస్తున్న ఆ నలుగురి పెద్దపెద్ద చేతులు, బిగిసిన వీపులు ఇక్కడ గుర్తుకు వస్తాయి.

చివరగా ‘బాల్జాక్’. రచయితల సంఘం 1891లో పని అప్పగించింది. నవలాకారుడు పోయి అప్పటికే నాలుగు దశాబ్దాలు. పాత ఫోటోను చూసి విగ్రహం చేసే మన శిల్పుల కష్టమే రోడిన్‌దీ. బాల్జాక్ బట్టలు కుట్టిన దర్జీని వెతికి పట్టుకుని, పాత కొలతలతో దుస్తులు కుట్టించాడు. ఏడేళ్ళ తరువాత చూపించినది మాత్రం, పైనుంచి కిందికి ఒక అంగరఖాలో చుట్టుకుపోయి, తల వెనక్కి విసిరిన ఒక నిలువు దిమ్మె. సంఘం ఒప్పుకోలేదు. రోడిన్ డబ్బు తిరిగి ఇచ్చి విగ్రహాన్ని ఇంటికి తీసుకుపోయాడు. పారిస్ వీధిలో దాని కంచు ప్రతి నిలబడినది 1939లో. పక్కనుంచి, వీలైనంత దూరంనుంచి చూడండి. ముఖం కన్నా ముందు ఒరిగిన ఆ వాలు కనిపించాలి.

పారిస్ దాకా వెళ్ళలేనివారికి

ఒకే అచ్చు నుంచి అనేక ప్రతులు రావడం వల్ల రోడిన్ పని లోకమంతా ఉంది. ఫ్రెంచి నిబంధనల ప్రకారం ఒక శిల్పానికి పన్నెండు కంచు ప్రతులకే ‘అసలు’ గుర్తింపు. వాటి మీద వరుస సంఖ్య వేస్తారు. రోడిన్ వదిలివెళ్ళిన హక్కులు పారిస్ మ్యూజియం చేతిలో ఉన్నాయి. ఈ ప్రతుల అమ్మకం దాని ఆదాయంలో ఒక ముఖ్యమైన భాగం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు రెండు మంచి చోట్లు దగ్గరలో ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో 1929లో తెరిచిన రోడిన్ మ్యూజియం ముంగిట ‘నరకద్వారం’ కంచు ప్రతి ఉంది. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని రోడిన్ శిల్పాల తోటలో మరో ప్రతి ఉంది. ఇది ఆరుబయట ఉంటుంది, టికెట్ అక్కరలేదు, రాత్రి దీపాల వెలుగులో కూడా చూడవచ్చు. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ ఆగగలిగిన చోట నరకద్వారం ఉండడం బే ఏరియా తెలుగువారి అదృష్టం. పైన చెప్పిన తోట వరుస అక్కడా పనికివస్తుంది.

మ్యుదోఁకు మరునాడు

ప్లాస్టర్ మీద మీకు మనసు పడి ఉంటే మ్యుదోఁ తప్పక వెళ్ళండి. లేకపోతే ఈ ప్రయాణం మానుకోవచ్చు. ఇది ఏడాది పొడవునా, అన్ని రోజులూ తెరిచి ఉండదు కాబట్టి, రోజులు ముందుగా చూసుకుని పారిస్ కార్యక్రమాన్ని దానికి తగినట్టు మార్చుకోవాలి. ఆర్‌ఈఆర్ అనే శివారు రైళ్ళ సి లైనులో ‘మ్యుదోఁ వాల్ ఫ్లెరి’ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి బస్సులోనో ఎగువకు నడిచో చేరుకోవచ్చు. రోడిన్ 1895లో కొన్న ఇల్లు ఇది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శన సమయంలో తన శిల్పాల కోసం వేయించుకున్న మండపాన్ని ఆ తరువాత విప్పించి ఇక్కడ తిరిగి నిలబెట్టించాడు. ఇప్పుడున్న ప్రదర్శనశాలలో పెద్ద ప్లాస్టర్లు ఉన్నాయి. ‘కలే పౌరులు’, ‘బాల్జాక్’ ఎలా కుదిరాయో ఇక్కడి తెల్లటి నమూనాల మీద చదువుకోవచ్చు. పారిస్‌లో చూసిన కంచు గుర్తున్నప్పుడే రండి, వారం గడిస్తే పోలిక అందదు.

తోట చివర సమాధి ఉంది. రోడిన్, రోజ్ బొరె అక్కడే ఉన్నారు. 1864 నుంచి కలిసి బతికిన ఆ ఇద్దరూ పెళ్ళి చేసుకున్నది 1917 జనవరిలో. రెండు వారాలకు ఆమె, నవంబరులో ఆయన పోయారు. సమాధి మీద ఆలోచనాపరుడే కూర్చుని ఉన్నాడు. ఇక్కడ అతని చుట్టూ ఫోటోలకు తోసుకునేవాళ్ళు ఉండరు, వెనుకవైపునకు వెళ్ళి వీపు చూడడానికి కావలసినంత జాగా ఉంటుంది. తిరుగు రైలు వేళ చూసుకుని, మిగిలిన సమయం అక్కడ గడపండి.